ముచ్చికలు, తొక్కలు, అచ్చులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కూరగాయల ముచ్చికలు, పండ్ల తొక్కలు, ఆకుకూరల కాడలు రంగులో అద్ది, నలుగురూ కలిసి కాగితం మీదా బట్ట మీదా అచ్చులు వేసుకోవడం గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాం.

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో మా అపార్ట్‌మెంటులో పిల్లలూ పెద్దలూ కలిపి పాతికమందిమి కూర్చుని చేయాలనుకుంటున్నామండీ. ఏయే మిగుళ్ళు ఎంత పోగుచేయాలి? రంగులు ఎన్ని కొనాలి? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: పాతికమందికి అరవై, డెబ్భై ముక్కలు సరిపోతాయి. అయితే అవి ఎనిమిది రకాలకు తగ్గకూడదు. ముక్కలెన్ని ఉన్నా రకాలు తక్కువైతే అరగంటకే అందరి కాగితాలూ ఒకేలా కనిపిస్తాయి, చేతులు ఆగిపోతాయి.

మొదట బెండకాయ. అడ్డంగా కోస్తే ఐదు గదుల పువ్వు తయారుగా ఉంటుంది, చెక్కే పని లేదు. మనం మామూలుగా టోపీ వరకే కోసి పారేస్తాం కాబట్టి ఆ ముక్కలో పువ్వు ఉండదు. ఆ వారం మాత్రం ముచ్చికను అర అంగుళం కిందికి కోయమని ఇళ్ళలో ముందే చెప్పి ఉంచండి. కాకరకాయ కొసలకు గరుకు అంచు వస్తుంది. ఉల్లిపాయ వేరువైపు ముక్క వలయాలు వలయాలుగా పడుతుంది. క్యాబేజీ మొద్దును నిలువుగా చీలిస్తే కొమ్మలు విచ్చిన చెట్టు. మునగకాయ కొస మూడు పలకల బొమ్మ. గింజలు ఒలిచిన మొక్కజొన్న బెండుకు రంగు పూసి దొర్లిస్తే చుక్కల వరసలు. వీటన్నిటికంటే మేం ముందు పెట్టేది అరటి మట్టను. అడ్డంగా కోస్తే చంద్రవంక ఆకారంలో గదులు గదులుగా వల కనిపిస్తుంది. అంత సన్నని పనితనం చేత్తో చెక్కడం చాలా కష్టం. అరటాకులు కోసి అమ్మేవాళ్ళ దగ్గర మట్టలు ఊరికే దొరుకుతాయి. బీరకాయ చెక్కు పచ్చడికి పోవాలి, అచ్చుకు దాని రెండు కొసలు చాలు.

రైతుబజారు కట్టేసే వేళకు వెళితే క్యాబేజీ మొద్దులు, కాలీఫ్లవర్ కాడలు సంచీడు దొరుకుతాయి. ఏది తెచ్చినా కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డలోనే చుట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు ఆగుతుంది. ప్లాస్టిక్ సంచిలో కట్టేస్తే చెమ్మపట్టి మర్నాటికే జారుడుగా అవుతుంది.

రంగులు మూడే కొనండి: నీలం, ఆకుపచ్చ, పసుపు. పోస్టర్ రంగులైతే ఒక్కొక్కటి 200 మిల్లీలీటర్లు. ఇవి ఒకదాని మీద ఒకటి పడినా అందంగానే ఉంటాయి. ఎరుపు కూడా పెడితే అది ఆకుపచ్చతో కలిసి మురికి గోధుమ రంగవుతుంది, గంట గడిచేసరికి బల్లలన్నీ ఆ రంగే. అనుభవం వచ్చాక ఎరుపును చేర్చుకోవచ్చు. ఐదుగురికి ఒక బల్ల, బల్లకు మూడు రంగు పళ్ళాలు, ఒక్కో రంగుకు విడిగా ముక్కలు. నీలం అద్దిన ముక్క పసుపు పళ్ళెంలోకి వెళ్ళకూడదన్న ఒక్క నియమం మొదట్లోనే చెప్పి, దాన్ని గట్టిగా పాటించండి.

ప్రశ్న: మా కాలనీ గ్రంథాలయంలో ప్రయత్నించాం. బంగాళాదుంపతో వేసినా, క్యాబేజీతో వేసినా రంగు ముద్దలా పడుతోంది తప్ప లోపలి గీతలు రావడం లేదు. కొన్ని అచ్చులు సగమే పడుతున్నాయి. ఎక్కడ పొరపాటు? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: మీరు చెప్పినవి రెండు వేర్వేరు లోపాలు. ముద్దలా పడటానికి కారణం నీరు, సగం పడటానికి కారణం కోత.

నీటి సంగతి ముందు చూద్దాం. కోసిన వెంటనే కూరగాయ ముఖం మీద నీరు ఊరుతుంది. దానిమీద పెట్టిన రంగు ఆ నీటిలో కరిగి పల్చనై, గదుల మధ్య పల్లాల్లోకి జారి కూర్చుంటుంది. పైకి ఉండాల్సిన గట్టు, లోపల ఉండాల్సిన పల్లం రెండూ ఒకే రంగులో మునుగుతాయి. అందుకే కోసిన ముక్కను కోతవైపు కిందకు పెట్టి పాత వార్తాపత్రిక మీద 15, 20 నిమిషాలు ఉంచాలి, మధ్యలో ఒకసారి కాగితం మార్చాలి. క్యాబేజీ మొద్దుకు అరగంట కావాలి. పిండేసిన బత్తాయి, నిమ్మ డిప్పలకు ఒక రోజంతా నీడలో ఆరడం అవసరం. బంగాళాదుంప పిండినీళ్ళు వదులుతూనే ఉంటుంది కాబట్టి ప్రతి పది అచ్చులకూ ఒకసారి గుడ్డతో అద్ది మళ్ళీ మొదలుపెట్టండి. దోసకాయ, టమాటా, పుచ్చకాయ జోలికి పోకండి. వాటిలో నీరే ఎక్కువ, ఎంత ఆరబెట్టినా గీత నిలవదు, ముడుచుకుపోతాయి.

ఆరిన ముక్క మధ్యలో కొంచెం లోపలికి కుంగుతుంది. మెత్తటి భాగం నీరు పోగొట్టుకుని దిగుతుంది, నారగా ఉన్న భాగం అలాగే నిలబడుతుంది. మీరు వెతుకుతున్న గీతలు ఈ ఎత్తుపల్లాల వల్లే వస్తాయి. కాబట్టి కుంగిందని మళ్ళీ కోయకండి. కాగితం కింద ఎనిమిది, పది వార్తాపత్రికలు గానీ మడిచిన దుప్పటి గానీ పరవండి. అప్పుడు కాగితం ఆ పల్లాల్లోకి కొద్దిగా వంగి రంగు అందుకుంటుంది. గట్టి చెక్కబల్ల మీద నేరుగా పెట్టి అద్దితే అంచు మాత్రమే పడుతుంది. పెడనలో కలంకారీ అద్దేవాళ్ళు కూడా బల్లమీద మెత్తని పరుపు వేసుకునే పనిచేస్తారు. కొయ్య అచ్చుకే అది కావాల్సి వచ్చినప్పుడు కూరగాయకు తప్పనిసరి.

ఇక కోత. ముక్క సగమే పడుతోందంటే ముఖం సమంగా లేదని అర్థం. కత్తిపీట వంపు తిరిగి ఉంటుంది, పైగా కాయను మనమే దాని మీదికి నెడతాం. కూరకు ఇబ్బంది లేదు గానీ అచ్చుకు ఆ కోత అలలు అలలుగా ఉంటుంది. పలక మీద పెట్టి, ముక్కకంటే పొడవైన సన్నని నిటారు కత్తితో ఒకే ఊపులో కోయాలి. రంపంలా ముందుకూ వెనక్కూ లాగితే ప్రతి లాగుడుకూ ఒక మెట్టు ఏర్పడుతుంది. కోశాక ముక్కను అద్దం మీద గానీ నున్నటి గ్రానైటు గట్టు మీద గానీ నిలబెట్టి చూడండి. ఊగితే మళ్ళీ కోయాలి.

రంగు ఎలా పెడుతున్నారన్నదీ ముఖ్యం. పళ్ళెంలో పోసిన రంగులో ముంచవద్దు. గిన్నెలు తోమే మెత్తటి స్పాంజిని ఒక సెంటీమీటరు మందాన కోసి, తడిపి, గట్టిగా పిండి, దానిమీద రెండు చెంచాల రంగు పరిచి ఇంకనివ్వండి. ముక్కను ఆ స్పాంజి మీద రెండుసార్లు తట్టాలి. రంగు పెరుగు మీగడంత చిక్కగా ఉండాలి. మొదటి అచ్చు ఎప్పుడూ చిత్తుకాగితం మీదే వేయండి, సాధారణంగా రెండోది, మూడోది బాగా వస్తాయి. ముక్కను కాగితం మీద పెట్టి, అరచేత్తో నిదానంగా నొక్కి, మూడు లెక్కపెట్టి, జరపకుండా నేరుగా పైకి ఎత్తాలి. సుత్తిలా కొడితే అంచుల్లోంచి రంగు చిమ్ముతుంది. ఎత్తేటప్పుడు జారితే అంచు రెండుగా పడుతుంది. ఎత్తాక అచ్చు మీద వేర్లలాంటి సన్నని పాయలు కనిపిస్తే రంగు మరీ మందంగా ఉందని గుర్తు. స్పాంజి మీద రంగు తగ్గించండి.

కాగితం కూడా చూసుకోండి. నోటుపుస్తకం కాగితం తడికి ఉబ్బుతుంది. 150 జీఎస్ఎం (చదరపు మీటరుకు 150 గ్రాముల బరువు) డ్రాయింగ్ షీటు సరిపోతుంది. నున్నటి మెరుపు కాగితం వద్దు, దానిమీద రంగు ఇంకక ముక్కతోపాటు జారుతుంది.

ప్రశ్న: బెండకాయ జిగురుతో పెద్ద చిక్కుగా ఉంది. నాలుగు అచ్చులు వేసేసరికి రంగు తీగలు సాగుతోంది. (ఒక పాఠకురాలు, నంద్యాల)

జవాబు: ముందురోజు రాత్రే కోసి, పళ్ళెంలో విడివిడిగా పరిచి, మూత లేకుండా గాలికి వదిలేయండి. తెల్లారేసరికి జిగురు పైన పొరలా ఎండిపోతుంది, పువ్వు గదులు కొంచెం ముడుచుకుని ఇంకా స్పష్టమవుతాయి. తడిగుడ్డతో తుడవకండి, జిగురు మళ్ళీ ఊరుతుంది. గింజలు ఊడి రంగులో పడకుండా పుల్లతో ముందే తీసేయాలి. లేతకాయ కంటే కూరకు పనికిరాని ముదురు బెండకాయ ఈ పనికి మేలు. దానిలో జిగురు తక్కువ, గోడలు గట్టివి.

ప్రశ్న: తినే పదార్థాన్ని రంగుల్లో ముంచి పారేయడం నాకు బాధగా ఉంటుంది. మా మనవలు బడిలో ఇలాగే కిలోలకొద్దీ బంగాళాదుంపలు వాడారు. దీన్ని మీరు ప్రోత్సహించడం సబబేనా? (ఒక పెద్దాయన, రాజమహేంద్రవరం)

జవాబు: మీ బాధ న్యాయమైనదేనండీ. వండుకోదగింది ఏదీ అచ్చుల బల్ల మీదికి రాకూడదన్నది మొదటి నియమం కావాలి. మన వంటిళ్ళలో బీరకాయ చెక్కు, అరటికాయ తొక్క, దోసకాయ చెక్కు పచ్చళ్ళకు పోతాయి, లేత కాలీఫ్లవర్ కాడ కూరలోకి పోతుంది. ఆ వంతు అయ్యాక మిగిలేదే మనది. బంగాళాదుంప కావాలనుకుంటే వెలుతురు తగిలి పచ్చబడ్డవి, మొలకలు బాగా వచ్చినవి అడిగి తీసుకోవాలి. వాటిలో సొలనిన్ అనే చేదు విషపదార్థం పెరుగుతుంది కనుక అవి ఎలాగూ తినకూడనివి. ప్రతి కూరగాయల దుకాణంలోనూ అలాంటివి ఒక బుట్టెడు పక్కన పడేసి ఉంటాయి. కుళ్ళినవీ బూజు పట్టినవీ మాత్రం తీసుకోకూడదు. పాతికమంది గాలి పీల్చే గదిలో బూజు దులపడం మంచిది కాదు.

కిలోలకొద్దీ మంచి దుంపలు కొని చెక్కించడం మాకూ ఇష్టం లేదు. అది ఖర్చు, పైగా అందులో నేర్చుకునేదీ తక్కువ. దుంప లోపల ఏ బొమ్మా ఉండదు. ముచ్చికలోనూ కాడలోనూ మొక్క తానే ఏర్పరచుకున్న గదులూ నాళాలూ ఉంటాయి. పిల్లవాడు వాటిని ఒక్కసారి కాగితం మీద చూశాడంటే వంటింట్లో బెండకాయను చూసే తీరే మారిపోతుంది.

ప్రశ్న: చేతిగుడ్డల మీదా దిండు గలీబుల మీదా వేశాం. మొదటి ఉతుకులోనే సగం పోయింది. (మహిళా సంఘం సభ్యురాలు, జనగామ)

జవాబు: ఏ రంగు వాడారో రాయలేదు. పోస్టర్ రంగయితే పోవడం సహజం, అది కాగితానికే. బట్టకు ఫ్యాబ్రిక్ రంగు తీసుకోండి. నీళ్ళు కలపకుండా వాడితే మంచిది, మరీ చిక్కగా ఉంటే పది చెంచాల రంగుకు ఒక చెంచా నీళ్ళు మించకూడదు.

సరైన రంగే వాడినా పోయిందంటే బట్ట సిద్ధం కాలేదని. కొత్త నూలుబట్ట పోగులకు నేతకు ముందే గంజి పట్టించి ఉంటుంది. ఆ పొర మీద పడిన రంగు పోగును అంటుకోదు, గంజితోపాటు ఊడివస్తుంది. వేడినీళ్ళలో సబ్బుపొడి వేసి అరగంట నానబెట్టి, ఉతికి, శుభ్రంగా జాడించాలి. తర్వాత గంజి, నీలిమందు పెట్టకూడదు. ఆరాక ఇస్త్రీ చేసి, ముడతలు లేకుండా బల్లమీద గుండుసూదులతో బిగించి అద్దండి.

అద్దాక 24 గంటలు ఆరాలి. ఆ తర్వాత తిరగేసి, నూలుకు పెట్టే వేడిలో, ఆవిరి లేకుండా, ఒక్కో చోట మూడు నుంచి ఐదు నిమిషాలు ఇస్త్రీపెట్టెను కదుపుతూ వేడి చేయాలి. రంగులోని బంక ఆ వేడికే పోగులతో గట్టిపడుతుంది. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. మూడు రోజుల దాకా ఉతక్కండి, తర్వాత చన్నీళ్ళలో, తిరగేసి, బ్రష్షు పెట్టకుండా ఉతకాలి.

గలీబు గుడ్డ నూలేనా అన్న అనుమానం ఉంటే అంచు నుంచి ఒక పోగు లాగి పెద్దవాళ్ళే అగ్గిపుల్లతో కాల్చి చూడాలి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలితే నూలు. చివర గట్టి పూస కడితే పాలిస్టర్ కలిసింది. దానికి అంత వేడి పెట్టలేం కనుక రంగు గట్టిపడదు.

ప్రశ్న: రంగులు కూడా తొక్కలతోనే చేసుకోవాలని మా ఆశ. బీట్‌రూట్ చెక్కు, పసుపు వాడాం. వారం తిరక్కుండానే వెలిసిపోయాయి. ఏదైనా నిలిచే మార్గం ఉందా? (ఉపాధ్యాయ బృందం, అనంతపురం)

జవాబు: ఉంది, కానీ ఆ రెండింటితో కాదు. బీట్‌రూట్ ఎరుపు వెలుతురుకూ వేడికీ విరిగిపోతుంది, పటిక వేసినా ఆగదు. పసుపు ఎండకు వెలుస్తుంది, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. సున్నం కలిపి పారాణి చేసుకునేది పసుపుకున్న ఆ గుణం వల్లే. ఎర్ర క్యాబేజీ, నేరేడు కూడా కొద్దిరోజుల రంగులే. పిల్లలకు రంగు మారడాన్ని చూపించడానికి ఇవి బాగుంటాయి, దాచుకునే పనికి వద్దు.

నిలిచే రంగు దానిమ్మ తొక్కలో ఉంది. దానిలో వగరు పదార్థం, అంటే టానిన్, దండిగా ఉంటుంది. టానిన్‌కు ఇనుము తగిలితే నల్లగా మారుతుంది. దానిమ్మ కోసిన ఇనుప కత్తి నల్లబడటం మీరు చూసే ఉంటారు. మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీల్లో నలుపు వచ్చేదీ ఇదే సూత్రంతో. అక్కడ టానిన్ కరక్కాయ నుంచి వస్తుంది, ఇనుమును బెల్లం నీళ్ళలో పులియబెట్టి తీస్తారు. మనం కరక్కాయ చోట దానిమ్మ తొక్క పెట్టుకోవచ్చు.

మొదట ఇనుప నీళ్ళు, ఎందుకంటే దానికి పదిహేను నుంచి ఇరవై రోజులు పడుతుంది. తుప్పు పట్టిన మేకులు 100 గ్రాములు, బెల్లం 100 గ్రాములు, నీళ్ళు అర లీటరు, గాజు సీసాలో గానీ మట్టికుండలో గానీ వేసి, పల్చటి గుడ్డ కట్టి నీడలో పెట్టండి. బిగుతు మూత పెట్టవద్దు, పులిసేటప్పుడు గాలి పొంగి సీసా పగలవచ్చు. రెండు మూడు రోజులకు నురుగు వస్తుంది, తర్వాత అణిగి, నీళ్ళు ముదురు రంగుకు తిరుగుతాయి. గుడ్డలో వడకట్టండి. వార్తాపత్రిక ముక్కకు టీ డికాషన్ పూసి దానిమీద ఒక చుక్క వేసి చూడండి. వెంటనే నల్లబడితే తయారైనట్టే, టీలో ఉన్నదీ టానినే కాబట్టి.

దానిమ్మ తొక్కల్ని నీడలో గలగలలాడేలా ఎండబెట్టి, 100 గ్రాములు దంచి, లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, ఉదయం స్టీలు గిన్నెలో గంటసేపు సన్న సెగమీద మరిగించండి. ఇనుప మూకుడు వాడితే కషాయం గిన్నెలోనే నల్లబడి చెడిపోతుంది. వడకడితే అర లీటరు పైచిలుకు కషాయం మిగులుతుంది. ఉతికిన నూలుబట్ట మీటరు ముక్కను దానిలో రెండు గంటలు నానబెట్టి, పిండకుండా తీసి, నీడలో పరిచి ఆరబెట్టండి. బట్ట లేత పసుపుగా మారుతుంది. కాగితమైతే వెడల్పు బ్రష్షుతో ఒక పూత చాలు.

ఇనుప నీళ్ళు పల్చన కనుక అలాగే అద్దితే బట్టలో పాకుతుంది. చిక్కదనం కోసం చింతగింజల పొడి వేయాలి. 100 మిల్లీలీటర్ల ఇనుప నీళ్ళకు 5 గ్రాముల పొడి, చల్లగా ఉన్నప్పుడే ఉండలు లేకుండా కలిపి, సన్న సెగమీద కలుపుతూ పావుగంట ఉడికించండి. చల్లారాక అట్లపిండిలా జారాలి. చింతగింజల పొడి దొరక్కపోతే మైదా 8 గ్రాములు. ఈ ముద్దను స్పాంజి మీద పరిచి, అరటి మట్టతో అద్దిచూడండి. అద్దినప్పుడు బూడిద రంగులో ఉండి, చూస్తుండగానే నలుపు తిరుగుతుంది. ఆ క్షణం కోసమైనా దీన్ని బడిలో చేయాలని మా కోరిక.

అయినా అంచులు పాకుతుంటే పాలు వాడండి. పావు లీటరు పచ్చి గేదెపాలు, అర లీటరు నీళ్ళు, రెండు చెంచాల కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో బట్టను ముంచి, సమంగా పిండి, ఎండలో ఆరబెట్టాలి. కలంకారీవాళ్ళు బట్టకు కరక్కాయతోపాటు పాలూ పట్టించేది రంగు పక్కకు పాకకుండా ఆగేందుకే. ఇలా చేస్తే దానిమ్మ కషాయం అక్కర్లేదు. బట్టకు కొన్నాళ్ళు పాలవాసన ఉంటుంది, ఉతుకుల్లో పోతుంది.

అద్దాక రెండు రోజులు ఆగి, బకెట్ నీళ్ళలో ఒక చెంచా సుద్దపొడి కలిపి జాడించి, తర్వాత రెండుసార్లు మంచినీళ్ళలో ఉతకండి. ఈ సుద్ద నీళ్ళు మానవద్దు. పులిసిన ఇనుప నీళ్ళలో పులుపు ఉంటుంది, అది బట్టలో మిగిలితే నల్లగా ఉన్నచోటే పోగులు పెళుసుబారి కాలక్రమంలో చిరుగుతాయి. నలుపు ఇంకా ముదరాలని ఇనుమును ఎక్కువ చేసినా ఇదే నష్టం.

కాగితం వరకు చాలనుకుంటే ఉల్లిపొట్టు సులువు. 50 గ్రాముల పొట్టును అర లీటరు నీళ్ళలో ముప్పావుగంట మరిగించి, వడకట్టి, 100 మిల్లీలీటర్లకు ఇంకించి, అర చిన్న చెంచా పటికపొడి, 8 గ్రాముల మైదా వేసి ఉడికిస్తే ఇటుకపసుపు రంగు ముద్ద వస్తుంది. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటుంది. మైలుతుత్తం వేస్తే ఆకుపచ్చ వస్తుందని ఎవరైనా చెబితే వినవద్దు. అది విషం, పిల్లలున్నచోటికి రాకూడదు.

ప్రశ్న: మా అంగన్‌వాడీలో ఐదారేళ్ళ పిల్లలున్నారు. వాళ్ళతో చేయించవచ్చా? ఏ కూరగాయలు చేతులకు పడవు? (ఒక కార్యకర్త, పాడేరు)

జవాబు: నిరభ్యంతరంగా. కత్తి పని మొత్తం ముందే పెద్దవాళ్ళు ముగించి, కత్తుల్ని గదిలోంచి తీసేయాలి. చిన్నచేతులకు ముక్క పట్టు దొరకదు. దుంపముక్కకూ క్యాబేజీ మొద్దుకూ వెనకవైపు ఫోర్కు గుచ్చితే పిడిలా ఉంటుంది. ఉల్లి వలయాలు విడిపోకుండా పక్కనుంచి రెండు పుల్లలు అడ్డంగా గుచ్చండి, కొసలు బయటకు పొడుచుకు రాకుండా కత్తిరించండి.

వాడకూడనివి: కంద, చేమ చెక్కులూ కాడలూ దురద పెడతాయి. మామిడికాయ తొడిమ దగ్గరి సొన చర్మాన్ని కాలుస్తుంది, టెంక వాడాలనుకుంటే బాగా పండిన పండుది, కడిగి ఎండబెట్టినదే తీసుకోండి. జీడిగింజ పెంకులోని నూనె బొబ్బలు తెప్పిస్తుంది, మీ ప్రాంతంలో జీడితోటలు ఉన్నాయి కనుక ప్రత్యేకంగా చెబుతున్నాం. పచ్చిమిర్చి ముచ్చికలు వద్దు, పిల్లలు ఆ చేత్తోనే కళ్ళు నలుపుకుంటారు. పచ్చి బొప్పాయి పాలు, పనస జిగురు కూడా దూరంగానే. అరటి మట్ట పసర చర్మాన్ని ఏమీ చేయదు గానీ బట్టకు పడితే ఆ మరక జన్మకు పోదు, పాత బట్టలు తొడిగి కూర్చోబెట్టండి.

ప్రశ్న: ఎండిన తొక్కలు, వెల్లుల్లి పొట్టు, మొక్కజొన్న పొత్తి ఆకులు చాలా ఉన్నాయి. వీటిని అద్దితే విరిగిపోతున్నాయి. ముద్రణ యంత్రం లేకుండా వీటితో ఏమైనా చేయవచ్చా? (చిత్రకళ విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: వీటిని అట్టమీద అంటించి పలక చేసుకోండి. చిత్రకళలో కొలాగ్రాఫ్ అనే పద్ధతి ఇదే. రెండు, మూడు మిల్లీమీటర్ల మందం అట్టముక్క, అరచేయంతది, చాలు. ఫెవికాల్‌ను పల్చగా పూసి పొట్టు, పొత్తి ఆకులు, ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఎండిన అరటితొక్క అంటించి, పైన ప్లాస్టిక్ కాగితం, దానిమీద బరువైన పుస్తకాలు పెట్టి ఒక రోజు వదిలేయండి. ఎత్తులన్నీ దాదాపు ఒకేలా, రెండు మిల్లీమీటర్లకు మించకుండా ఉండాలి. ఒక ముక్క ఎక్కువ ఎత్తులో ఉంటే దాని చుట్టూ అంగుళం మేర కాగితం పలకను తాకదు, తెల్లటి గుంట మిగులుతుంది.

ఆరాక వార్నిషు రెండు పూతలు, పూతకూ పూతకూ మధ్య ఆరనిచ్చి, అట్ట వెనకా అంచులకూ కూడా వేయాలి. ఈ పూత లేకపోతే మొదటి అచ్చుకే పొట్టు రంగు తాగి ఉబ్బి ఊడిపోతుంది. వార్నిషు కిటికీలు తెరిచిన చోటే వేయండి.

రంగుకు నీటితో కడిగే లినోకట్ సిరా (చెక్కిన లినోలియం పలకలతో అచ్చులు వేయడానికి వాడేది) తీసుకోండి. అద్దంముక్క మీద చెంచా సిరా వేసి రబ్బరు రోలరుతో సన్నగా పరిచి, అదే రోలరును పలకమీద నాలుగైదుసార్లు తిప్పాలి. కాగితాన్ని పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టి, రెండు తువ్వాళ్ళ మధ్య అద్ది, మెరుపు పోయి చల్లదనం మాత్రం మిగిలినప్పుడు పలకమీద పరవండి. పొడి కాగితం పొట్టు గీతల్లోకి వంగదు, మరీ తడిదైతే సిరా కరుగుతుంది. ఇక యంత్రం చేసే పని స్టీలు గరిట వెనకవైపుతో చేయాలి. మధ్యనుంచి అంచులకు, చిన్న చిన్న చుట్లుగా, ఎక్కడా వదలకుండా రుద్దండి. చెయ్యి నొప్పెట్టేంత ఒత్తిడి కావాలి. అప్పడాల కర్ర దొర్లిస్తే ఎత్తు భాగాలే పడతాయి, గరిటే మంచిది. ఒక మూల నొక్కిపట్టి, ఎదురు మూల ఎత్తి చూసి, పలచగా ఉన్నచోట మళ్ళీ రుద్దవచ్చు.

వెల్లుల్లి పొట్టు మీది సన్నని నిలువు గీతలు ఇందులో వచ్చినంత చక్కగా మరే పద్ధతిలోనూ రావు. జాగ్రత్తగా వాడితే ఒక పలక పాతిక ముప్పై అచ్చులు ఇస్తుంది.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటున్నాం. తెలుగు బడి పిల్లలతో చేయిద్దామంటే ఇక్కడ అరటి మట్టలు దొరకవు. బదులు ఏం వాడాలి? (ఒక పాఠకురాలు)

జవాబు: సెలరీ కట్టను అడుగున రెండంగుళాలు వదిలి కోయండి, అడుగు ముక్క విచ్చిన గులాబీలా పడుతుంది. బాక్‌చాయ్ అనే చైనా ఆకుకూర మొదలు కూడా అంతే, ఇంకా చిన్నగా ముద్దుగా ఉంటుంది. ఇండియన్ స్టోర్‌లో బెండకాయ, కాకరకాయ ఎలాగూ ఉంటాయి.

ప్రశ్న: పాడైన ముక్కల్ని మా వీధి ఆవులకు వేయవచ్చా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: రంగు తగిలిన ఏ ముక్కనూ పశువులకు పెట్టకండి. అక్రిలిక్, ఫ్యాబ్రిక్ రంగులు ప్లాస్టిక్ పొరలే. ఎరువు గుంతలో కూడా అవి కలవవు. అయితే రంగు ముఖం మీదే ఉంటుంది కాబట్టి అక్కడ అర సెంటీమీటరు మందాన కోసి, ఆ పలుచటి ముక్కల్ని పొడిచెత్తలో వేసి, మిగతాది తడిచెత్తలోకో ఎరువు గుంతలోకో పంపవచ్చు. ఉల్లిపొట్టు ముద్దతో అద్దినవి మొత్తం ఎరువుకు పోతాయి. స్పాంజీలు, బ్రష్షులు కడిగిన నీళ్ళను ఒక బకెట్‌లో రాత్రంతా కదపకుండా ఉంచితే రంగు అడుగున చేరుతుంది. పైనీళ్ళు పారబోసి, అడుగు మడ్డిని ఎండబెట్టి పొడిచెత్తలో వేయాలి. మొక్కలకు పోయవద్దు.

ప్రశ్న: అందరూ కలిసి ఒకే పెద్ద గుడ్డ మీద వేద్దామనుకుంటున్నాం, గ్రామ గ్రంథాలయానికి తెరలా కట్టడానికి. గందరగోళం కాకుండా ఎలా నడపాలి? (యువజన సంఘం, పాలకొల్లు)

జవాబు: రెండు మీటర్ల నూలుగుడ్డను రెండు బల్లలు కలిపి, దుప్పటి పరిచిన మీద బిగించండి. ఒక్కసారి ఆరుగురి కంటే ఎక్కువమంది గుడ్డ దగ్గర ఉండకూడదు. మిగతావాళ్ళు పక్క బల్లల మీద కాగితాలతో సాధన చేస్తారు, ఐదు మంచి అచ్చులు వరుసగా వచ్చినవాళ్ళు గుడ్డ దగ్గరికి వస్తారు. ఈ వరస పిల్లలకూ పెద్దలకూ ఒకటే.

గుడ్డ మీద ముందుగా సుద్దముక్కతో అంచు పట్టీ, మధ్య భాగం గీసుకోండి. అంచుకు చిన్న అచ్చులు, అంటే బెండకాయ, మునగకాయ, ఒకదాని పక్కన ఒకటి, బొటనవేలంత ఎడంతో. మూలల నుంచి మొదలుపెట్టి మధ్యలో కలవాలి. ఒక చివర నుంచి మొదలుపెడితే రెండో మూలలో సగం పువ్వు మిగులుతుంది. మధ్య భాగానికి క్యాబేజీ, అరటి మట్టలు. లేత రంగు మొత్తం ముగించి, ఆరనిచ్చి, ముదురు రంగు తర్వాత వేయండి. నలుపు గానీ ముదురు నీలం గానీ ఒక్కరి చేతిలోనే ఉంచడం మంచిది, తప్పుపడితే దిద్దలేం.

ఎవరైనా వంకరగా వేస్తే దాన్ని తుడవకండి, తుడిస్తే మరక పెద్దదవుతుంది. దానిపక్కన అలాంటి వంకరతోనే మరో రెండు వేయిస్తే అదీ వరసలో కలిసిపోతుంది. మీరు కట్టేది కిటికీకే అయితే ఎండ పడే వైపు గుడ్డకు వెనక మరో తెల్ల గుడ్డ కుట్టించండి. ఫ్యాబ్రిక్ రంగులైనా ఏళ్ళ తరబడి నేరుగా ఎండ తగిలితే వెలుస్తాయి. గుడ్డ పెద్దది కాబట్టి ఇస్త్రీ పనిని నలుగురు పంచుకుని, వెనకవైపు చతురాలుగా సుద్దతో గీసి, ఒక్కో చతురం అయ్యాక గుర్తు పెట్టుకుంటూ వెళ్ళండి.